చిలకమ్మ అడిగిన రెండు గుక్కలు

లోతా బాలన్నంటే ఎవరో కాదు బాబూ, అల్లదిగో ఆ మలుపులో రేకులిల్లు, ఆడే. నాకు వరసకి మరిది. ఆడి పెళ్లాం చిలకమ్మ. ముప్పై ఏళ్లు కాఫీ పండు కోసింది, కోసీ కోసీ వేళ్లు నల్లగయిపోనాయి గాని, కాఫీ రుసి ఎలగుంటాదో దానికి తెల్దు. నవ్వకండి, ఇక్కడ కూకున్నోళ్లలో ఎవులికి తెలుసేటి? మనం తాగింది అంబలి, నేకపోతే టీ. కాఫీ అన్నది అమ్ముకునే సరుకు. పండు కోత్తాం, నీళ్ల తొట్టిలో పోత్తాం. మునిగింది మంచి పండు, కొనేటోడి లారీ ఎక్కుతాది. తేలింది పుచ్చు, అది సంతలో ఎవుడైనా సవగ్గా కొంటాడేమోనని ఇంటికొచ్చి అటకెక్కుతాది. మా అత్త కాలం నుంచీ అంతే. మునిగింది ఆడికి, తేలింది మనకి. ఈ మాట గుర్తెట్టుకోండి, మళ్లీ ఒస్తాది.

ఏటైందంటే, ఒకేడు ఆ కొనేటోళ్లు పై ఊరోళ్లని కారుల్లో ఎంటెట్టుకొచ్చినారంట. పండు ఆరబెట్టే కళ్లంలో బల్లేసి, ఓ మిషను పెట్టి, ఇంతింత కప్పుల్లో, కోడిగుడ్డంత అనుకో, కాఫీ తీసి అందరికీ ఇచ్చినారంట. చిలకమ్మ సేతులు కడుక్కుని ఒచ్చీసరికి కప్పులైపోనాయి. దానికి దక్కనేదు గాని, ఒకావిడ తాగడం సూసింది. ఆవిడ ఒక్క గుక్క తాగి కళ్లు మూసీసుకుందంట, మూసుకుని అలగే నిలబడిపోయిందంట. అది దీని మనసులో పడిపోయింది. ఇంటికొచ్చి మొగుడితో, మన సెట్టు పండులో ఏటుందో ఆవిడకి తెలిసింది, మనకే తెల్దు మావా అందంట. ఈడు నవ్వీసినాడు.

ఆ పైయేడు దానికి గొంతులో పుండు లేసింది. శివరాత్రి ఎళ్లిన వారంలో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, ఈ వానలు దాటదని సెప్పీసినారు. ముద్ద దిగదు. గుక్కెడు నీళ్లు దిగితే దిగినట్టు. బయటికొచ్చి మెట్ల మీద కూకుని బాలన్న అడిగినాడంట, నీకేటి కావాలే, ఏదైనా సరే అడుగు అని. సీర అడుగుతాదనుకున్నాడు. అదేటందంటే, “ఆ సిన్న కప్పు కాఫీ కావాలి మావా. రెండు గుక్కలే కదా, దిగుతాది.” అదిగో ఎదురుగానే కాఫీ కొట్టుంది, రాయే అన్నాడంట. ఇది కదల్నేదు. “అది ఎవరి సెట్టుదో. నాకు నా సెట్టుది కావాలి” అందంట.

దాన్ని నడిపించుకుని మిషన్లమ్మే కొట్టుకెళ్లినాడు. అక్కడ మూడు రకాలంట. ఒకటి గింజలు పోసి మీట నొక్కితే అదే పొడి సేసి అదే కాఫీ దించీసేది. ఇంకోటి కరెంటుతో నీళ్లు కాగి ఆవిరి కక్కేది. మూడోది ఉత్తి ఇనప సట్రం, పైన పొడుగాటి పిడి. మరిగిన నీళ్లు మనమే పొయ్యాలి, పిడి మనమే అదమాలి. చిలకమ్మేమో మీట నొక్కేది సూపించిందంట, నీకు సులువు మావా అని. ఆడు ఇన్నేదు. కొండ మీద కరెంటు ఒక పూటుంటే రెండు పూటలుండదు, ఈ పిడిదైతే నా సెయ్యుంది అన్నాడు. సెయ్యి మీద అంత నమ్మకం ఆడికి. సేత్తో తిప్పే మర కూడా ఒకటి తీసుకున్నాడు. కొట్టతను మంచోడే, పొడెంత, నీళ్లెంత, ఎంత అదమాలి, ధార ఎలగ రావాలి అన్నీ సూపించినాడు. గింజల సంగతి మాత్రం కాఫీ కొండోళ్లకి నేను చెప్పడమేంటని నవ్వినాడంట. అదొక్కటే అతను సెప్పంది.

ఇంటికొచ్చి బాలన్న అటక మీద బస్తా దించినాడు. గింజలు మూకుట్లో ఏపినాడు, మరలో తిప్పినాడు, పొడి అదిమి, నీళ్లు పోసి, పిడి నొక్కినాడు. నల్లటి నీళ్లు జర్రున కారిపోనాయి. పొడి బరకైందనుకున్నాడు. మర బిగించి మెత్తగా తిప్పితే, అప్పుడు బొట్టు దిగదు, పిడి మీద మనిషంతా ఏలాడినా దిగదు. మళ్లీ కూసింత ఒదులు సేసినాడు. అలగలగ ఉగాదికి ధార కుదిరింది, నూనె జారినట్టు సన్నగా. అయితే సేదు. సేదంటే మామూలు సేదు కాదు, బూజు కంపుతో సేదు. పైన ఎర్రటి నురగ రావాలన్నాడు కొట్టతను, మురికి బుడగలు తప్ప ఏటీ రానేదు. రోజూ ఒక కప్పు దాని మంచం కాడికి పట్టుకెళ్లేవోడు. అది గుక్క మింగి, ఆడి మొకం సూసి, ఇదేనా మావా అనేది. కాదే, ఇది కాదు, నా సెయ్యింకా కుదర్నేదు అనేవోడు. కొట్టతనికి ఫోను సేత్తే నీళ్లు సల్లార్సమన్నాడు. సల్లార్సినాడు. పొడి తగ్గించమన్నాడు. తగ్గించినాడు. తోట ఒగ్గీసినాడు, మనిషి పుల్లయిపోనాడు. ఆ పిడి పట్టుకుని ఏడవడం నా కళ్లతో నాను సూసినాను. నా సేతిలో ఏదో తప్పుంది వదినా, అదేటో తెలవట్నేదు అన్నాడు. ఒస్తాది లేరా అన్నాను. అంతకన్నా బుర్ర నేదు నాకు.

ఆషాడంలో వాన పట్టుకుంది. చిలకమ్మకి గుక్క కూడా కష్టమైపోయింది. ఆ పొద్దు నాను అక్కడే ఉన్నాను, దాని తల నా ఒళ్లో ఉంది. ఆడు కప్పు తెచ్చి సెంచాతో పోసినాడు. అది మింగడానికి ఎంతసేపో పట్టింది. మింగి, ఈసారి ఏటీ అడగనేదు. కళ్లు మూసీసుకుంది. మూసుకుని అలగే ఉండిపోయింది, ఆ కారులో వచ్చినావిడ ఉన్నట్టే. “ఇదే మావా. ఒచ్చీసింది నీకు” అంది. ఆడు వానలో ఇల్లిల్లూ తిరిగినాడు, ఒచ్చీసింది, నాకు ఒచ్చీసింది అని సెప్పుకుంటా. నాలుగో రోజున అది పోయింది. పోతే పోయింది, దాని కోరిక తీర్సినాను అన్న ధైర్నంతో బతికినాడు అనుకో.

కోతలొచ్చినాయి. దాని పేర ఒక కప్పు పెట్టాలనుకున్నాడు. అటక మీద బస్తా అయిపోయింది. అందుకని, ఆడి పుట్టుకలో ఎప్పుడూ సెయ్యని పని, తొట్టి అడుగునుంచి మునిగిన పండు ఓ గంపెడు ఇంటికి తెచ్చుకున్నాడు. ఎండబెట్టి, దంచి, ఏపి, అదే మర, అదే పిడి, అదే సెయ్యి. పైన ఎర్రటి నురగ. వాసన మా ఇంటిదాకా ఒచ్చింది. నాను ఎళ్లీసరికి ఒక్క గుక్క తాగి, కప్పు కింద పెట్టీసి కూకున్నాడు. నన్ను సూసి అడిగినాడు, “వదినా, ఆ పొద్దు అది దేనికి కళ్లు మూసుకుంది?”

అసలు సంగతి ఇది బాబూ. సేతిలో ఏ తప్పూ నేదు, ఉగాదికే కుదిరీసింది సెయ్యి. తప్పు బస్తాలో ఉంది. అది తేలిన గింజల బస్తా అని ఆడికి తెలుసు, నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. మునిగినవి వైశాకం దాకా కొనేటోడి గోదాంలోనే ఉన్నాయి, ఒక డబ్బాడు అడిగితే ఇచ్చేవోడే. ఒక్క బుర్రకీ తట్టనేదు. మంచిది మనింట్లో కూడా ఉండొచ్చని మనకి తట్టదు. ఆ తరవాత ఆడు ఆ మిషను ముట్టనేదు, ఎవరితోనూ మాటాడ్డు, పిలిత్తే పలకడు.

మరి మాకు బుద్దొచ్చిందా అంటావేటి? మొన్న కోతలో కూడా మునిగింది మునిగినట్టే లారీ ఎక్కించీసినాం, నాతో సహా. ఇందాక నువ్వు కాఫీ అడిగితే కాసి పోసినానే, అది అటక మీదదే. తాగు బాబూ, సల్లారిపోతంది. కళ్లు మూసుకోనక్కర్లేదు.