పైకప్పు మీద తెప్ప

దాలయ్య మేస్త్రి ఎడమకాలు బారజాపుకుని వరండాలో కూర్చున్నాడంటే ఆ పూటకి కోతలు మొదలైనట్టే. ఆ సంగతి పాతపట్నం మిషను బడి హెడ్‌మిస్ట్రెస్ జ్ఞానసుందరికి బాగా తెలుసు. తెలిసీ టీ తెప్పించింది. ఏం చేస్తుంది మరి? తిత్లీ తుఫానుకి డాబా నెర్రెలిచ్చింది. వాన పడితే పదో తరగతి ఆడపిల్లలు గదిలోనే గొడుగులేసుకుని చదువుకుంటున్నారు. మార్చిలో పరీక్షలు. వచ్చిన మేస్త్రీలందరూ బడి నెల్లాళ్ళు మూస్తేగానీ చెయ్యి పెట్టమన్నారు. మూయకుండా చేస్తానన్నవాడు దాలయ్య ఒక్కడే.

"బడెంతమ్మగారూ, నాను ఆస్పత్రే సేసినాను. హుద్‌హుద్ ఎల్లినాక. కింద ఇటు పురుళ్ళ వార్డు, అటు మగాళ్ళ వార్డు, ఒక్క మంచం కదపనేదు. ఇటుక ముక్కా సున్నం కలిపి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి పరిసీసి, ముప్పై మంది ఆడోళ్ళని వరసలో కూకోబెట్టి సెక్కలతో కొట్టించినాను. ముప్పై సెక్కలు, ఒకటే సప్పుడు. కింద అప్పుడే పుట్టిన గుంటలు ఏడుపాపీసి నిద్దరోనారు. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"ఏటైనాది మావా?" అన్నాడు వాచ్‌మన్ సోములు, గంట కొట్టాల్సిన వేళ దాటిపోతున్నా.

"ఆపరేషను గదిలోంచి పెద్ద డాక్టరు కబురెట్టినాడు, సప్పుడు ఆపొద్దని. దెబ్బకో కుట్టు ఏస్తన్నాడట. మూడు గంటల ఆపరేషను గంటలో అయిపోనాది."

పచ్చి అబద్ధమని జ్ఞానసుందరికి తెలుస్తూనే ఉంది. అయినా ఒళ్ళు ఝల్లుమంది. పైన ముప్పై చేతులు, కింద ఊయలల్లో పసిపిల్లలు, మధ్యలో జానెడు కప్పు. ఆ కప్పు కింద తన పిల్లలు కూర్చున్నట్టే అనిపించింది ఆమెకి.

దాలయ్య టీ ఊదుకుని గొంతు పెంచాడు. "గచ్చు ఆరినాక సుట్టూ మట్టిగట్టు కట్టి నీళ్ళు నిలబెట్టాల, కారితే కింద తెలిసిపోతాది. అందరూ బెత్తెడు పెడతారు, నాను నడుంలోతు పెట్టినాను. నాలుగో రోజుకి సేపలు పడినాయి. ఆరో రోజుకి తేలినీలాపురం కొంగలు దిగినాయి. ఏడో రోజు కళింగపట్నం నుంచి మా బావలొచ్చి, తెప్పని డాబా మీదికెక్కించి వలేసినారు. ఆ పూట వార్డులన్నిటికీ సేపల పులుసే. కింద సుక్క పడిందేటి? నేదు."

సోములు నోరు తెరిచి డాబాకేసి చూశాడు. జ్ఞానసుందరి కూడా చూసి, చూసినందుకు సిగ్గుపడింది.

మెట్టు మీద తవిటమ్మ కూర్చుని ఉంది. దాలయ్యతో పనికి వచ్చే ఆడవాళ్ళకి ఆమే పెద్ద. కొప్పులో చుట్ట దోపుకుని అంతా వింటోంది.

"గచ్చు కొట్టింది మేమేనమ్మా," అంది నెమ్మదిగా. "ఈ బావ మొదటి రోజే నిచ్చెన మీంచి పడి కాలిరగ్గొట్టుకున్నాడు. మేం కొడతన్న కప్పు కిందే, మగాళ్ళ వార్డులో మంచమిచ్చినారు. తల పగిలిపోతన్నాది, ఆపండర్రా అని రోజూ కబురెట్టినోడు ఇతగాడే."

సోములు నవ్వాడు. దాలయ్య చాపిన కాలు మెల్లిగా ముడుచుకోబోయాడు, అది పూర్తిగా ముడుచుకోలేదు.

జ్ఞానసుందరికి నవ్వు రాలేదు. ఉన్న ఒక్క ఆశా పోతున్నట్టయింది. "దాలయ్యా, తెప్ప సంగతి వదిలెయ్. ఆ కప్పు కారిందా, లేదా?"

దాలయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఈసారి గొంతులో జోరు లేదు. "నలభై రోజులు ఎల్లకిలా పడుకుని ఆ కప్పునే సూసినానమ్మా. పైన ఏడు రోజులు నీళ్ళు నిలబెట్టినారు. సుక్క పడితే నా మొకం మీదే పడాల. పడనేదు."

నడుంలోతు నీళ్ళ కంటే, తెప్ప కంటే ఆ మాట ఆమెకి పెద్దదిగా వినిపించింది. అంతమంది మేస్త్రీల్లో కప్పుని కింద నుంచి చూసినవాడు వీడొక్కడే.

"పిల్లలుండగా ఆ చప్పుడెలా తవిటమ్మా?"

"బడి ఇడిసినాక కొడతాం. సీకటి పడేలోగా దిగిపోతాం."

"సోమవారం రండి. మేస్త్రివి నువ్వే," అని తవిటమ్మతో చెప్పి, జ్ఞానసుందరి దాలయ్య వైపు తిరిగింది. "నీళ్ళు నిలబెట్టే ఏడు రోజులూ నువ్వు నిచ్చెనెక్కొద్దు. పదో తరగతిలో చివరి బెంచీ మీద కూర్చుని పైకి చూస్తూ ఉండు."

దాలయ్య బుద్ధిగా తలూపాడు. సోములు గంట కొట్టడానికి లేచాడు. దాలయ్య అతని చొక్కా పట్టుకుని ఆపి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏరా, మీ ఇంట్లో గేలం ఉన్నాదేటి?"