నుదుటి మీది బొగ్గుపొడి

రంజాన్ నెల. గోదావరిఖని దవాఖానలో శవాల గది బయట, పొద్దున్నే ఇద్దరు: నిన్న సాయంత్రం బొగ్గుబాయిలో చనిపోయిన భూపాల్ భార్య సంధ్యారాణి, అతనితో ఒకే షిఫ్టులో పనిచేసే సాబిర్.

“మళ్ల చెప్పు సాబిర్. ఏం జేసినవ్?”

“చెప్పిన గద వదినా. అన్న సీసల నీళ్లు నెత్తిమీద పోశిన. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ పేరు మీద అని పలికిన. గంతే.”

“నమాజు జేసేటోనివి. గా మాటలు నీకెట్లొచ్చినయ్?”

“బొగ్గుబాయిల దిగేటప్పుడు అన్న రోజూ చెప్తుండె. ఈస్టరుకు పాస్టరయ్య గిట్లని నన్ను గోదావరిల ముంచి బాప్తిస్మమిస్తడురా అంటుండె.”

“మునుగుత, మునుగుత అని ఏండ్లు గడిపిండు. నేను పోరు పెడ్తే, యేసు పక్కన సిలువ మీద దొంగను ఎవలు ముంచిన్రే, వానికి రక్షణ దొరకలేదా అంటుండె.”

“నాతోటీ గదే అన్నడు.”

“దొంగకు టైం లేకుండె, నీకేమైంది అన్నడు పాస్టరయ్య. అప్పుడు సిగ్గుపడి ఒప్పుకున్నడు.”

“ఇగ ఊకో వదినా. పోశిన్నంటున్న గద.”

“ఎట్ల ఊకుంట? పాస్టరయ్య నిన్నే అడుగుతనని వస్తుండు. పానం పోయేటప్పుడు నెత్తిన పోశినా బాప్తిస్మమే అన్నడు. పోశింది నిజమైతే చర్చోళ్ల సమాధుల జాగల పెడ్తరు. లేకపోతే మా బావ కాలబెడ్తనంటుండు. జాగ కాదు నా ఫికర్. ఆయన దేవుని దగ్గరికి పోయిండా లేదా, గదీ.”

“పోయిండు. పక్కా పోయిండు.”

“ఆయన టోపి తీసి పోశినవా?”

“తీసి... ఆ, తీసే.”

“నేను లోపలికి పోయి సూశిన సాబిర్. నుదురంత బొగ్గుపొడి. నీళ్లు జారిన చార ఒక్కటి లేదు.”

“దస్తీతోటి తుడిసిన.”

“తుడిస్తే పొడి పోదా? పెండ్లైన కాన్నుంచి ఆ బొగ్గు బట్టలు ఉతికిన, నాకు చెప్తవా?”

“వదినా, గిక్కడి డాక్టర్లు గిట్ల...”

“డాక్టర్ల మీద పెట్టకు. నా మొఖం జూడు. ఆయన నీళ్లడిగిండా?”

“అడిగిండు.”

“ఏమని?”

“ఛాతి పట్టుకోని కూలవడ్డడు. సీస తే సాబిర్, నెత్తిన పోసి గా మాటలను, నేను ఈస్టరు దాక ఉండ అన్నడు.”

“మరెందుకు పొయ్యలే? వేరే దేవుని పేరు తీస్తే పాపమని భయపడ్డవా?”

“అల్లా కసమ్, గట్ల కాదు!”

“మరేంది? నోరు తెరువు!”

“సీస ఖాళీ ఉండె వదినా.”

“ఖాళీనా? నేనే నింపి పంపిన.”

“నా సీస పగిలి నీళ్లన్ని బొగ్గుల పోయినయ్. ఇఫ్తార్ టైమాయె. పొద్దటిసంది గొంతు తడపలేదురా, రోజా ఇడువు అని అన్న తన సీస నా చేతుల పెట్టిండు. నువ్వు తాగవా అంటే, నాకు దూప లేదన్నడు. మొత్తం నేనే తాగిన. కొద్దిసేపటికే అన్న పడ్డడు. సీస ఖాళీదన్నా అని ఏడిస్తే, నవ్వి, పోనీతియ్ అన్నడు. మిగతోళ్లు ఉరికొచ్చే వరకు...”

“అయ్యో... అయ్యో దేవా...”

“నన్ను ఎంతన్న తిట్టు వదినా. పాస్టర్‌కు మాత్రం పోశిన్ననే చెప్పనియ్యి. నీ కాళ్లు మొక్కుత.”

“లే. కండ్లు తుడుసుకో. గో, పాస్టరయ్య వస్తుండు.”

“పోశిన్ననే చెప్త వదినా.”

“వద్దు. నీ దూప తీర్చి పోయిండు, దేవునికి గది సాలు. తాగిన్ననే చెప్పు.”