గడీ తలుపు పాట

"తాతా, యేసు సభ ఫాదర్ దగ్గర బండి తోలినవంట గద. ఆయన ముచ్చట జర చెప్పు."

ఆ, తోలిన. నువ్వు పెద్ద చర్చి ఫాదర్ అనుకుంటున్నవేమో, కాదు, ఈయనది వేరే సభ. సముద్రం అవతల పుట్టిండు. ఏడు భాషలు సదివిండు గని, తెలుగు మాట్లాడితే ఎడ్లు సుత ఆగి సూసేటివి. నవ్వకు! పొద్దుగూకినంక నాకు అక్షరాలు దిద్దిపిచ్చింది ఆయనే.

యేసయ్య పుట్టుకను ఉయ్యాల పాటలల్ల రాస్తుండె. ఒక్కో పాట రాసుడు, నాట్లేసే ఆడోళ్లకు ఇనిపిచ్చుడు, వాళ్ల నోటికి రాని మాట కొట్టేసుడు. వాళ్లల్ల మీ నాయనమ్మ గొంతెత్తితే పాపన్నపేట దాకా... సరే, అంత కాదు గని, నాలుగు మళ్ల అవతలికి ఇనవడేది. ఒకనాడు ఆమె పాట ఆపింది. "మరియమ్మకు సత్రంల జాగ దొరకలేదంటవు. సత్రమంటే ఏంది సామీ?"

ఫాదర్ పరేషాన్ అయిండు. నేనన్న, "మనకాడ సత్రమేడిది? గడీ అని రాయుండ్రి. నిండు చూలాలికి తలుపు తియ్యనిది దొరుండే గడీయే గద!" వద్దన్నడు. నేనిడుస్తనా? మూడు దినాలు కొట్లాడి రాయిపిచ్చిన.

గది దొరల మీద తిరగవడ్డ సంఘపోళ్ల కాలం. దొరలు గడీలు ఇడిచి ఉరుకుతుండ్రి. పాటేమో ఊరూరికి పాకింది. అమీన్ సాబ్, అంటే నిజాం పోలీసు పెద్ద, జవాన్లతోని వచ్చిండు. "ఇది సంఘం పాట! గడీల మీద రాసిందెవడు?" కాయితాలన్నీ వాకిట్ల కుప్ప వోసి అగ్గిపెట్టె తీసిండ్రు. ఆరేండ్ల రాత బిడ్డా! ఫాదర్‌కు అబద్ధం రాదు, నా పేరు చెప్ప మనసొప్పదు. నేనే ముందట వడ్డ. "గా మాట నాది సాబ్."

"ఎడ్లు తోలేటోడివి, నువ్వు కవివా?" అని ఒక్కటి పీకిండు. ఇప్పటికీ ఈ చెవు జర మందమే. ఆఖరికి, గడీ తీసి సత్రం రాస్తే కాయితాలు ఇడుస్తనన్నడు. ఫాదర్ మాటిచ్చిండు.

తర్వాత పోలీస్ యాక్షనాయె, నిజాం రాజ్యం పోయె, అమీన్ జాడ లేదు. పుస్తకం అచ్చయి వచ్చింది. తెరిస్తే సత్రం! నాకు మండింది. "అమీనే ఉరికిండు, ఇంక భయమెందుకు సామీ?"

"భయం కాదు. మాట," అన్నడు. నాకన్నా మొండోడు! నేను సుత తగ్గలే, పొద్దంత కొట్లాడిన. ఆఖరికి ఆయన కలం నా ముందట పెట్టి, "మాటిచ్చింది నేను, నువ్వు కాదు," అని లేచి బయటికి పోయిండు.

రెండు వందల పుస్తకాలు! ఒక్కొక్కటి తెరిచి, సత్రం కొట్టేసి గడీ అని రాసిన. కోడి కెలికినట్టుంటయి గని, సదవొస్తది.

సల్లగ బతుకు బిడ్డా. నీకు సదువు చెప్పేటోళ్లు సుత గసొంటి మొండోళ్లే దొరకాలె...