చెయ్యి ఇడువడు సార్

ఎల్లారెడ్డిలో నాగవ్వ ఇంటి వాకిలి. తెల్లారితే ఆమె, వయసుకు తగ్గట్టు బుద్ధి ఎదగని తన మరిది హనుమాండ్లును కామారెడ్డిలో జరిగే సదరం క్యాంపుకు తీసుకుపోవాలి. పింఛనుకు తగిన వైకల్యం ఉందా లేదా అని డాక్టర్లు తేల్చేది అక్కడే. ఏం చెప్పాలో నేర్పడానికి ఆశా కార్యకర్త వనజ వచ్చి కూర్చుంది.

“మళ్ల గదే మాట! అవ్వా, నేను డాక్టర్ని అనుకో అన్న గద. డాక్టర్ అడిగితే ‘మా హనుమాండ్లు బంగారం, అన్ని ఆయనే చేసుకుంటడు’ అంటవా?”

“బంగారం కాదా మరి?”

“బంగారమే. బంగారానికి పింఛన్ రాదు. పోయినసారి గిట్లనే చెప్పి పాడు చేస్తివి. తెల్ల అంగి తొడిగి, తల దువ్వి, పౌడర్ కొట్టి, పిల్లను సూడవోతున్నట్టు తోల్కపోతివి. డాక్టర్ పైకెల్లి కిందికి సూసి ‘ఈయనకేమైంది, మంచిగున్నడు గద’ అనె.”

“నలుగుర్లకు పోయేటప్పుడు మాసిన అంగితోని తోల్కపోతమా వనజా? సూసెటోళ్లు ఏమంటరు? అన్న సచ్చిపోంగనే వదినె తమ్మున్ని ఆగం చేసిందనరా?”

“అననియ్యి. నలభై పర్సెంట్ రావాలె. పోయినసారి రాలే. రేపు గూడ రాకపోతె మళ్ల ఎప్పుడు పిలుస్తరో ఎవరికెరుక? గందుకే అంటున్న. మంచి దినం ముచ్చట వద్దు. అన్నిట్లకంటె చెడ్డ దినం ఎట్లుంటదో గది చెప్పాలె.”

“ఆయన ముంగట ఎట్ల చెప్పాలె?”

“ఇంటె ఏమయితది? కాకకు సమజయితదా?”

“అయితది.”

“హనుమాండ్లు కాకా! ఓ కాకా! ఏం చేస్తున్నవ్?”

“దారం కడుతున్న. వదినె బీడీ సుడుతది, నేను దారం కడుత.”

“గీ దారం ముచ్చట రేపు ఎత్తకు కాకా. నీకు దండం పెడత.”

“ఎందుకెత్తద్దు? మంచిగ కడుత. సూడు. సూడు వనజా.”

“మంచిగనే కట్టినవ్. గదే తిప్పలైతంది. అవ్వా, గీ చిట్టీ తీసుకో. టైం, రూం నంబరు అన్ని రాసున్నయ్. ఒక్కసారి సదువుకో.”

“నువ్వే సదువు బిడ్డా. అద్దాలు యాడ పెట్టిన్నో దొరుకుతలెవ్వు.”

“నెత్తి మీదనే ఉన్నయ్ అవ్వా!”

“ఆ... గివి పాతయి. గివిట్లకెల్లి సక్కగ కనవడది. నువ్వే సదువు.”

“సదువు రాదంటె వేరే. కిరాణం పొట్లాల కాయితాలు సదివి సదివి సొంతంగ నేర్సుకున్నదానివి. బీడీ కార్ఖానాల అందరి కాయితాలు నువ్వే సదివి చెప్తుంటివని మా అవ్వ ఇప్పటికి అంటది.”

“గప్పటి ముచ్చట ఇడిసిపెట్టు. టైం చెప్పు.”

“తొమ్మిదిన్నర. మీరు ఆరింటి బస్సు ఎక్కాలె. సరే, మళ్ల మొదలువెడుదాం. ‘ఏమమ్మా, ఈయన నీకేమైతడు?’”

“కొడుకు.”

“అవ్వా!”

“కొడుకంటె ఏమయితది? ఈ ఇంట్ల కాలు పెట్టినప్పుడు ఇంతంత ఉండె. నేనే సాదిన.”

“ఆధార్‌ల ఇద్దరి పేర్లు సూస్తరు. మరిది అని చెప్పు.”

“మరిదంటె, కన్నతల్లివి కాదు, తోడబుట్టినదానివి గూడ కాదు, నీకేం సంబంధమంటరు. లింగంపేట యాకూబు గూడ ఈయన అసొంటోడే, ఏం చేసిన్రు? వాళ్ల అమ్మీ మంచం పట్టంగనే సర్కారోళ్లు ‘ఇగ నీతోని కాదు’ అని ఆయన్ని ఆశ్రమంల ఏసిన్రు.”

“ఆమెకు లేవ చేతగాకపాయె. సూసెటోళ్లు లేకపాయె. మనిషికి అన్నం దొరకాలె గద.”

“అన్నం దొరుకుతందట. నాతోని బీడీలు చేసే ఖదీజా పోయి సూసొచ్చింది. పొద్దందాక గేటు పట్టుకొని నిలవడుతున్నడట. బస్సు సప్పుడైతె చాలు, అమ్మీ వచ్చిందంటడట.”

“నీకు యాకూబు ముచ్చట ఎందుకు? నువ్వు గట్టిగున్నవ్ గద. ఆ, యాదికొచ్చింది. ఈసారి ఒక మేడం గూడ కూసుంటదట. సూసుకునేటోళ్ల సంగతి అడుగుతదట. షుగరున్నదా, బీపీ ఉన్నదా, మోకాళ్లు ఎట్లున్నయ్, కండ్లు ఎట్లున్నయ్...”

“ఎందుకట?”

“ఊకెనే. రాసుకుంటరట.”

“ఊకెనే ఎవరు రాసుకోరు వనజా. మంచిగ లేదంటె ఏం చేస్తరు?”

“ఏమన్న ఏర్పాటు చేస్తరట.”

“ఏం ఏర్పాటు?”

“నాకేమెరుక అవ్వా? మీటింగుల గంతే చెప్పిన్రు.”

“ఏర్పాటు అంటె ఆశ్రమమే. వేరే ఏముంటది? నాకు మంచిగనే ఉన్నది. అన్ని మంచిగనే ఉన్నయ్. గట్లనే చెప్త.”

“మంచిగ లేకపోతె గద భయం. నీకేమైంది? చెప్పు. ‘స్నానం ఆయనే చేస్తడా?’”

“చేస్తడు... కాదు, చెయ్యడు. నేనే పోస్త.”

“అబద్ధం వదినె! నేనే పోసుకుంట. నీకు గూడ నేనే బకెట్ల నీళ్లు తెచ్చి పెడత.”

“ఊకో నాయినా.”

“కాకా, గిప్పుడు నువ్వు మాట్లాడద్దు. ‘అన్నం?’”

“కలిపి పెట్టాలె.”

“‘ఒక్కడే బైటికి పోతడా?’”

“పోడు. పోతె ఆగమైతడు.”

“గట్ల కాదవ్వా. ఒట్టిగ ఆగమైతడంటె డాక్టర్ నమ్ముతడా? ఎప్పుడన్న నిజంగ ఆగమైండా? గది చెప్పు.”

“వద్దు బిడ్డా.”

“చెప్పాలె. రేపు గదే చెప్పాలె.”

“రాజలింగు... నా పెనిమిటి శవం దుబాయికెల్లి వచ్చిన్నాడు. ఇంటినిండ మంది. ఏడుస్తున్న, ఎవరెటు పోతున్నరో సోయి లేదు. పొద్దుగూకినంక సూస్తె ఈయన లేడు. ఊరంత దేవులాడినం. బస్టాండుల కూసున్నడు. ప్యాంటు తడిసిపోయింది. ‘అన్న బస్సు దిగుతడు, డబ్బాల ఉన్నోడు అన్న కాదు’ అంటున్నడు.”

“అన్న కాదు వదినె. అన్న గట్లుండడు.”

“అవు నాయినా. అన్న గట్లుండడు.”

“అవ్వా, ఏడువకు. నువ్వు వద్దన్నా నేనే... సరే, కొద్దిసేపు ఆపుదాం.”

“ఆపకు. ఆ తర్వాత గూడ రోజు బస్టాండుకు పోతుండె. నేను ఎనుకనే పోతుంటి. రాజలింగు దుబాయి పోయేటప్పుడు బస్సు మెట్టు మీద నిలవడి ఈయన చెయ్యి నా చేతిల పెట్టి ‘పైలం’ అన్నడు. గంతే. మళ్ల మనిషితోని మాట లేదు.”

“గిప్పుడు గూడ బస్టాండుకు పోతడా?”

“పోడు. యేడాది సంది నా చెయ్యే ఇడుస్తలేడు. దుకాణంకు పోయినా, అంగడికి పోయినా గట్టిగ పట్టుకుంటడు.”

“గిది! గిదే చెప్పాలె రేపు. ‘చెయ్యి ఇడువడు సార్, ఇడిస్తె ఆగమైతడు’ అని. పోయినసారి గిది చెప్పకపోతివి?”

“అప్పుడు గింత లేకుండె.”

“అంటె ఎక్కువైందన్నట్టు.”

“ఎక్కువైంది.”

“గది గూడ చెప్పు. డాక్టర్ తన కండ్లతోని సూడాలె. గేటు కాడికెల్లి చెయ్యి పట్టుకొనే ఉండున్రి.”

“పట్టుకొనే ఉంటం బిడ్డా. గదొక్కటి నువ్వు నేర్పనక్కర లేదు.”

“కాకా, ఇటు సూడు. రేపు డాక్టర్ ఏమడిగినా ‘తెల్వది’ అనాలె. అను.”

“తెల్వది.”

“శభాష్. ‘దారం కట్టొస్తదా?’”

“మంచిగొస్తది.”

“కాకా!”

“తెల్వది. వనజా, తెల్వదంటె ఏమిస్తరు?”

“పింఛన్ ఇస్తరు.”

“తెలుసంటె?”

“ఇయ్యరు.”

“డాక్టర్లు పిచ్చోళ్లా?”

“సూడున్రి, ఎట్ల నవ్వుతున్నడో! గట్ల నవ్వద్దు రేపు. అవ్వా, నువ్వన్న చెప్పు.”

“నవ్వనియ్యి. గా నవ్వొక్కటే మిగిలింది ఈ ఇంట్ల.”

“ఒక్క దినం ఆపుకోమను. అరే, గీ చాటల బీడీ ఆకు నువ్వే కత్తిరించినవా? మిషన్ తోని కోసినట్టు ఒక్క తీరుగున్నయ్. నీ కండ్లు నా కండ్లకంటె నయమున్నయ్ అవ్వా.”

“నేనే... నేనే కత్తిరించిన.”

“అబద్...”

“హనుమాండ్లూ!”

“తెల్వది వదినె. తెల్వది.”

“ఆ, గట్ల! గిప్పుడు మంచిగ చెప్పినవ్ కాకా. రేపు గూడ గంతే. ఇగ నేను పోత, ఇంకో రెండిండ్లు తిరగాలె. అవ్వా, పాత అంగి తొడుగు. పౌడర్ కొట్టకు.”

“సరే, కొట్ట.”

“తల గూడ దువ్వకు.”

“తలన్న దువ్వనియ్యి వనజా.”

“సరే, దువ్వు. మేడం అడిగితె నీకు ఏ బీమారి లేదని చెప్పు, అయిపాయె. పొద్దుగాల చీకటుంటది. మోరీ కాడ రోడ్డంత తవ్విపెట్టిన్రు, పైలం. కాక చెయ్యి గట్టిగ పట్టుకో.”

“పట్టుకుంట. నువ్వు పో బిడ్డా, పొద్దువోతంది.”

“వనజా, ఆగు. రేపు చెయ్యి పట్టుకోవాల్నా, తెల్వదనాల్నా?”

“రెండు చెయ్యాలె కాకా. చెయ్యి పట్టుకొని, తెల్వదనాలె.”

“హనుమాండ్లూ, లోపలికి రా. ఇగ చాలు.”

“తెల్వదంటె ఎట్ల వనజా? మోరీ వచ్చింది, మెట్టు వచ్చింది అని నేనే చెప్పాలె గద. యేడాది సంది వదినెకు కండ్లు కనవడ్తలెవ్వు.”