ఊపిరి అందే చోటు

"పెరుగు వద్దంటే వద్దు. ఆదివారం పెనుకొండలో నాటకం పెట్టుకొని గొంతు పట్టిచ్చుకుంటావా?"

"మజ్జిగన్నా పొయ్ మే. కారం నషాళానికెక్కుతాంది."

ధర్మవరంలో మగ్గం ఉన్న ఆ ఇంట్లో భర్త ఏళ్ల తరబడి రాజు వేషం కడుతున్నాడు. భార్య కట్టే రాణి వేషం మాత్రం పెళ్లితోనే ఆగిపోయింది.

"గొంతు బాగానే ఉండాది. ఊపిరే చాల్లేదు. పద్యం సగంలో తెగిపోతాంది."

"మగ్గం కాడ కూచోని వింటానే ఉండా. శ్రుతి రవ్వంత దించు."

"దించితే వన్స్‌మోర్ యాడ పడతాది?"

"మొదట్లోనే ఊపిరంతా పోగొట్టుకుంటే కడాకు యాడ మిగుల్తాది? కడాన తీసే రాగం కోసం దాపెట్టుకో. మధ్యలో నీకు ఊపిరి అందనప్పుడు రాణి నవ్వాల. జనం ఆమెను చూస్తారు, నువ్వు గాలి పీల్చుకుంటావు."

"రాణి వేషం కట్టే హిందూపురం ఆయమ్మ ఈసారి రాలేనన్నాది. కొత్తామెకు నా పద్యం యాడ తెగుతాదో ఎట్ల తెలుస్తాది?"

గరిటె పట్టుకున్న ఆమె చేయి ఆగింది. ఇన్నేళ్లూ పోగులు అతుకుతూ పెదవుల్లోనే పాడుకున్న రాణి పద్యాలన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"ఏదీ, ఒకసారి నవ్వు," అన్నాడాయన తలెత్తకుండా.

"పో అబ్బా! పిల్లోల్లు వస్తాండారు."

పిల్లలు, అత్త వచ్చి కంచాల ముందు కూర్చున్నారు. ఆమె అందరికీ వడ్డించింది. చివరికి అత్త కంచంలో పెరుగు వేసి, తన కంచంలో వేసుకోకుండానే గిన్నె మూతపెట్టింది.

"నీకు?" అంది అత్త.

"నాకు వద్దులే అత్తా. ఆదివారం రాణి వేషం నేనే కడతాండా."