పుణ్యవతమ్మ గారి శనివారం గది

అయ్యలారా, అమ్మలారా! ఈ ఎండలో బరంపురం గోసాని నువాగాం దాకా వచ్చిన ప్రతి ఒక్కరికీ దండం. సముద్రపొడ్డు నుంచి వచ్చినవాళ్లున్నారు. పురుషోత్తంపూర్ నుంచి బళ్లు కట్టుకుని వచ్చారు. కొడల నుంచి మా వియ్యాలవారు వచ్చారు. తెలుగువాళ్లున్నారు, ఒరియా భాయిలున్నారు. నాకు వచ్చింది బజారు ఒరియా. బేరానికి పనికొస్తుంది గాని ఏడవడానికి పనికిరాదు. అందుకని తెలుగులోనే మాట్లాడతాను. అర్థం కానివాళ్లకి పక్కవాళ్లు కాస్త చెప్పండి.

నర్సు పుణ్యవతమ్మ గారు పోయి ఇంకా పక్షం కాలేదు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, పటానికి దండ వేసి, ఇంటికి పోయి భోంచెయ్యడం మనకు అలవాటు. ఇవాళ అలా కుదరదు. నా నోరు మంచిది కాదని మీకందరికీ తెలుసు. అయినా నన్ను మాట్లాడమన్నారు. ఈ జగ్గారావు వడ్ల దంపుళ్ల సావిడి వెనక గదిలోనే ఆవిడ కూర్చునేది కదా, అందుకని పిలిచి ఉంటారు. పిలిచారు కాబట్టి చివరిదాకా వినండి.

ఈ జిల్లా ఇంకా మద్రాసు కింద ఉన్నప్పుడే ఆవిడ బరంపురం వచ్చింది. ముప్పై ఆరులో కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక చాలామంది తెలుగు ఉద్యోగులు సామాను సర్దుకుని దక్షిణానికి వెళ్లిపోయారు. ఆవిడ వెళ్లలేదు. మన పురజన శిశుసేవా సంఘంలో నర్సుగా చేరింది. చేరిన వెంటనే మన తెలుగు పెద్దలు కొందరు పోయి, మన పిల్లల్నే చూడమన్నారు. ఒరియా పెద్దలు పోయి, వాళ్ల పిల్లల్నే చూడమన్నారు. ఆవిడ ఏమందో తెలుసా? "ఏడిసే పిల్ల ఏ బాసలో ఏడుస్తాదో సెప్పండి బాబూ, ఆ బాసోల్లకే ఇచ్చేస్తాను" అంది. ఇరువైపుల వాళ్లూ తలలు గోక్కుంటూ తిరిగొచ్చారు.

ఇంతకీ ఆవిడ చూసింది ఏ జబ్బు? దగ్గు కాదు, జ్వరం కాదు. బడికి పోయే ఈడు కూడా రాని పిల్లల మనసు. మాట రాని పిల్ల. వచ్చిన మాట ఆగిపోయిన పిల్ల. గోడకు తల బాదుకునే పిల్లవాడు. బిడ్డను కని, ఆ బిడ్డ మొహం చూడలేక గోడవైపు తిరిగి పడుకునే తల్లి. ఇలాంటివాళ్లు ఇంట్లో ఉంటే మనమేం చేస్తాం? దాస్తాం. తోబుట్టువుల సంబంధాలు చెడతాయని దాస్తాం, వీధి నవ్వుతుందని దాస్తాం. దాస్తూనే ఒకరోజు ఆసుపత్రికి, ఒకరోజు దెయ్యం దించే గుణియా దగ్గరికి, ఒకరోజు మంత్రసాని ఇంటికి పరిగెడతాం. డాక్టరు చెప్పింది గుణియాకు తెలియదు. గుణియా చేసింది డాక్టరుకు తెలియదు. ఆ పిల్ల రోజంతా ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు. పుణ్యవతమ్మ గారు వీళ్లందరినీ, చిన్నబడి పంతులమ్మను కూడా కలిపి, శనివారం పొద్దున్న ఒకే చాప మీద కూర్చోబెట్టింది. ఆ చాప మీదికి డాక్టరును, గుణియాను పక్కపక్కన రప్పించడం మాటలా? మీరెవరైనా చెయ్యగలరా?

రోడ్డు మీద మంచి గది ఇస్తామని సంఘం అంటే వద్దంది. నా దగ్గరికొచ్చింది. "జగ్గారావు బాబూ, మీ సావిడెనక గది నాకియ్యి. ఆడోల్లు సేట అట్టుకుని ఒస్తే దంపుడికొస్తన్నారనుకుంటారు. పిల్ల కోసరమని ఎవులూ అనుకోరు" అంది. అలాగే వచ్చారు తల్లులు. చంకలో పిల్ల, చేతిలో చేట. చేటలో గింజ ఉండేది కాదు.

సముద్రపొడ్డు పైడయ్య ఇక్కడే ఉన్నాడు. అతని అనుమతితోనే చెబుతున్నాను. ఒకసారి అతని పడవ అలల్లో తిరగబడింది. మనిషి ఎలాగో బతికి బయటపడ్డాడు. అప్పటి నుంచి అతని కూతురు తండ్రి పంచె కొంగు వదల్లేదు. వదిలిస్తే గుడ్లు తేలేసేది. వేటకు పోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు, పోతే పిల్ల దక్కదు. గుణియా తాయెత్తు కడతానన్నాడు, బెత్తంతో దెయ్యాన్ని వదలగొడతానన్నాడు. ఆవిడ అతన్ని కసరలేదు. "తాయెత్తు కట్టు నాయనా, బెత్తం మాత్రం నా గడప దాటించకు. ఆ తాయెత్తు పిల్లకి కాదు, అయ్యకి కట్టు. పిల్ల సేతే కట్టించు" అంది. ఆ పిల్ల తన చేతులతో తండ్రి జబ్బకు తాయెత్తు కట్టింది. పంతులమ్మ తండ్రీకూతుళ్లిద్దరినీ చిన్నబళ్లో కూర్చోనిచ్చింది. తర్వాత తండ్రి గుమ్మంలో కూర్చున్నాడు, తర్వాత వీధిలో. తర్వాత వేటకు వెళ్లాడు. పిల్ల ఏడిచింది గాని, అన్నం తింది. అయ్య తిరిగొచ్చేసరికి ఒడ్డున నిలబడి ఉంది.

ఇక నా సంగతి. కూర్చోండి, ఎవరూ లేవకండి, ఇదీ వినాలి.

నా రెండోవాడు, దేముడని పేరు, వాడికి ఐదేళ్లు వచ్చినా ఒక్క మాట రాలేదు. ఈ ముక్క నేను ఇన్నాళ్లూ ఎవరి దగ్గరా అనలేదు. అడిగినవాళ్లకి గొంతునొప్పి అని చెప్పాను. ఏళ్ల తరబడి గొంతునొప్పేమిటని మీరూ అడగలేదు. వాణ్ణి ఆ గదికి తీసుకుపోయింది మా ఆవిడ కాసులమ్మ. ఎలా తీసుకుపోయింది? చేట పట్టుకుని! సావిడి మాదే, గది మాదే, మా ఇంటి ఇల్లాలు మా సావిడికి దొంగలా ఖాళీ చేట పట్టుకుపోయింది. వాడు దంపుళ్ల పాటకు ఊగుతున్నాడని పుణ్యవతమ్మ గారు కనిపెట్టింది. పాట పాడే జగ్గమ్మతో, ప్రతి చరణంలో ఆఖరి మాట పాడకుండా ఆపమంది. వారాల తరబడి ఆపించింది. నాకు ఒళ్లు మండి, ఇదేం వైద్యమని కేకలేశాను. "బాబూ, నువ్వు అరిసే ఇంట్లో ఆడికి మాటాడ్డానికి సోటేదీ?" అంది. నా మొహం మీదే అంది. ఒక శనివారం జగ్గమ్మ పాట ఆపింది, ఆఖరి మాట మావాడు అన్నాడు. కాసులమ్మ చేట అవతల పడేసి వాణ్ణి ఒళ్లోకి లాక్కుంది.

వాడు ఇప్పటికీ పదిమందిలో మాట్లాడడు. నాతో మాట్లాడతాడు. నన్ను నాన్నా అంటాడు. అంత మేలు చేసిన మనిషికి మనం ఏం చేశామో ఇప్పుడు చెప్పుకుందాం.

పోయినేడు సంఘంలో చందాలిచ్చేవాళ్లు అడిగారు, ఈ నర్సుకు జీతం దండగ కదా అని. శనివారాలు వెళ్లి చూశాం, వడ్లు దంచుకునే ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరన్నారు. ఆవిడ పిల్లల పేర్లు ఎక్కడా రాయలేదు. రాస్తే ఎవరూ రారు. మహాసభ పెట్టారు. అధ్యక్షులవారు న్యాయంగానే అడిగారు, ఆయన్ని నేను తప్పు పట్టను. ఈ గది వల్ల మేలు పొందినవాళ్లు ఒక్కరున్నా లేచి నిలబడండి అన్నారు.

ఎవరు లేచారు? పైడయ్య ఆవేళ వేటలో ఉన్నాడు. తక్కిన మనమంతా అక్కడే ఉన్నాం. ఎవరు లేచారు?

ఆవిడ ముందు వరసలో కూర్చుని ఉంది. మనలో ప్రతి ఒక్కరినీ ఎరుగును. అయినా వెనక్కి తిరిగి చూడలేదు. తను ఎవరివంక చూస్తే వాళ్ల గుట్టు బయటపడుతుందని మెడ కూడా కదపలేదు. నేను కొడల సంబంధం మాట్లాడుకుంటున్న రోజులవి. కాబోయే వియ్యంకుడు నా పక్కనే ఉన్నారు. ఆడవాళ్లవైపు మా కాసులమ్మ లేవబోయింది. నేను ఇటునుంచి కళ్లెర్ర చేశాను. కూర్చుండిపోయింది. బావగారూ, మీరు ఇదంతా ఇప్పుడే వింటున్నారు. ఏమనుకుంటారో మీ ఇష్టం. నేను చేసింది మాత్రం అదీ.

సంఘంవాళ్లు ఆ గది పని ఆపేశారు. మర్నాడు ఆవిడ తాళంచెవి తెచ్చి కాసులమ్మ చేతిలో పెట్టింది. నేను లోపల దాక్కున్నాను. "సిన్నోడికి పాట మానిపించకమ్మా" అని మాత్రం అని వెళ్లిపోయింది. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. తిట్టినా బాగుండేది! ఛీ, ఆ గదిలో నేను చింతపండు బస్తాలు వేయించాను.

జీతం లేదు, గది లేదు. ఆవిడ ఊరుకుందా? డాక్టరు మాట ఇంటికి, ఇంటి మాట పంతులమ్మకు, పంతులమ్మ మాట గుణియాకు మోసుకుంటూ ఈ ఊరంతా కాలినడకన తిరిగింది. మలేరియా వచ్చినా తిరిగింది. మలేరియాతోనే పోయిందని డాక్టరు రాశారు. కుట్టింది దోమే, కాదనను. కానీ జ్వరం ఒంటితో ఆవిడను ఎండలో తిప్పింది ఎవరు? దోమా? మనమా?

మొన్న శనివారం మంత్రసాని గురువమ్మ నా దగ్గరికొచ్చి, "గది మూసేసినట్టు తెలవని పైపల్లెల తల్లులు సేటలట్టుకుని ఒచ్చారు బాబూ. ఆయమ్మ పోనాదని సెప్పినా ఎల్లకుండా గది ముందే కూకున్నారు. ఆలకేటి సెప్పీది?" అంది. వెంటనే ఆ చింతపండు బస్తాలు తీయించి, గది ఖాళీ చేయించాను. కానీ గదికేముంది, నాలుగు గోడలు. మనిషి కావాలి. ఇంకో నర్సును పెట్టాలా వద్దా అని సంఘం రేపు తేలుస్తుంది. నిన్న అధ్యక్షులవారు నాతో, అవసరం ఉందని ఒక్కరూ చెప్పలేదు కదా జగ్గారావూ అన్నారు. నిజమే. చెప్పలేదు. ఆయన ఇక్కడ, మన ఎదురుగానే కూర్చున్నారు.

పోయినవారి కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడాలి. అందరూ ఒక్కసారే లేవకండి, చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ గదికి పిల్లను తెచ్చినవాళ్లు ముందు లేవండి. తక్కినవాళ్లు కాసేపు ఆగి, తర్వాత లేవండి. లేవలేకపోయినవాళ్లను నేను ఏమీ అనను, ఆవిడా అనేది కాదు. నేనెలాగూ నిలబడే ఉన్నాను, అది లెక్కలోకి రాదు. అధ్యక్షులవారూ, తమరు కళ్లారా చూడండి.

ఇక ఎవరూ మాట్లాడొద్దు. కాసులమ్మా, ముందు నువ్వు లే.