గీత దిద్దే డ్రైవర్

బోర్డుల మీద అక్షరాలు గీసే బావ పనిగది. కంప్యూటరు ముందు బామ్మర్ది, అతని భుజం మీదుగా తొంగి చూస్తూ బావ, గుమ్మంలో అక్క.

"తీసేశావా?"

"తీసేస్తున్నా బావా. తొందరపడితే ఎలా?"

"పొద్దుట్నుంచీ తీసేస్తున్నా, తీసేస్తున్నా అంటూనే ఉన్నావు. ఇంతసేపట్లో పన్ను పీకించుకుని ఇంటికొచ్చేయొచ్చు."

"పన్నంటే నోట్లోనే ఉంటుంది. డ్రైవర్ అలాక్కాదు. కంప్యూటరుకి తగిలించిన గీసే పలక నీకు కనిపిస్తోంది, దాని మీద గీసే కలం కనిపిస్తోంది. నువ్వు గీసింది కంప్యూటరుకి చేరేసేది మాత్రం లోపలెక్కడో ఉంటుంది. అదే డ్రైవర్. దాన్ని వెతికి పట్టుకోవాలా వద్దా?"

"చేరేసేదైతే ఉన్నదున్నట్టు చేరెయ్యాలి కదరా. నువ్వొచ్చి పెట్టిపోయిన ఈ డ్రైవర్ మధ్యలో దూరి దిద్దుతోంది. నేను గీత లాగుతానా, అది కాసేపు ఆలోచించుకుని, తనకి నచ్చినట్టు నున్నగా గీస్తుంది."

"నున్నగా ఉంటే మంచిదేగా?"

"ఏం మంచి? మొన్న చెప్పుల కొట్టాయన బోర్డు చూసి ఏమన్నాడో తెలుసా? అచ్చం మిషను కొట్టినట్టుందండీ, అన్నాడు. ఇన్నేళ్ళ పనిలో నన్నెవడూ అంత మాట అనలేదు."

"ఆయన మెచ్చుకున్నాడండీ!"

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా? బజారుకెళ్తానన్నావుగా?"

"వెళ్తాన్లెండి. బజారెక్కడికి పోతుంది?"

"ఎండెక్కిపోతుంది."

"ఎక్కితే గొడుగుంది. మీరే కాసేపు అలా వీధిలో తిరిగి రాకూడదూ? వాడి నెత్తిమీద కూర్చుంటే వాడు పనెలా చేస్తాడు?"

"కూర్చోకపోతే అసలే చెయ్యడు. మీ తమ్ముడి సంగతి నాకు తెలీదా?"

"అదిగో, తీసేశా! చూడు బావా, లిస్టులో లేదు. కంప్యూటరు ఒకసారి ఆపి మళ్ళీ పెడదాం. ఆ... వచ్చింది."

"ఏమొచ్చింది?"

"కంప్యూటరు."

"డ్రైవరో?"

"అది... అదీ వచ్చింది."

"మెడపట్టి గెంటి తలుపేసినా, కిటికీలోంచి దూరి వచ్చేసిందన్నమాట. అచ్చం నీలాగే."

"నాలాగానా? మధ్యలో నేనేం చేశాను?"

"మా పెళ్ళైన కొత్తలో, అక్కని చూసి పోతానని వచ్చి ఆర్నెల్లు ఉండిపోలేదూ?"

"ఆరు కాదు బావా, ఐదే."

"తిన్నవాడికి ఐదు, పెట్టినవాడికి ఆరు."

"చాల్లెండి, వాణ్ణి ఆడిపోసుకోవడం. ఇదిగో, వీధిలో మిమ్మల్నెవరో పిలుస్తున్నారు."

"నాకేం వినపళ్ళేదే?"

"నాకు వినపడింది. రంగుల కొట్టాయనేమో. వెళ్ళి చూడండి."

"వెళ్తా. నేనొచ్చేసరికి అది పోవాలి బామ్మర్దీ. లేకపోతే దాంతోపాటు నిన్నూ గెంటేస్తా."

బావ వీధి గుమ్మం వైపు వెళ్ళాడు.

"ఒరేయ్, నిజంగా తీసేస్తావా ఏంట్రా?"

"మెల్లగా మాట్లాడక్కా. తీస్తున్నట్టు నటిస్తున్నా. తీసేటప్పుడు కింద ఓ గడి వస్తుంది, ఫైళ్ళతో సహా చెరిపెయ్యాలా అని. దాన్లో టిక్కు పెట్టకపోతే, ఎన్నిసార్లు తీసినా దానంతటదే మళ్ళీ వచ్చేస్తుంది. నేను పెట్టట్లేదు."

"బతికించావు. అది పోయిందంటే ఆయన చెయ్యి వణకడం తెర మీద కనపడిపోతుంది. తట్టుకోలేరురా. ఆ చెయ్యే ఆయన ప్రాణం."

"ఎన్నాళ్ళని దాస్తావు?"

"దాగినన్నాళ్ళు. ఆ రోజు తెర మీద గీత వంకర్లు పోతుంటే, 'ఈ పలక పాడైపోయిందే' అన్నారు. నేను అవునండీ అన్నాను. పాడైంది పలక కాదని చెప్పడానికి నోరు రాలేదు. అందుకేగా నిన్ను పిలిచి, వంకర్లు దిద్దే డ్రైవర్ పెట్టమన్నాను."

"తెర మీద సరే. మంచినీళ్ళు తాగేటప్పుడో?"

"గ్లాసు సగమే పోస్తున్నా."

"సంతకాలో?"

"నేనే పెట్టేస్తున్నా."

"దొంగ సంతకాలా!"

"మొగుడి సంతకం పెళ్ళాం పెడితే దొంగదెలా అవుతుందిరా? కాగితాలూ పెన్సిళ్ళూ కూడా అటకెక్కించేశాను."

"ఈ తెలివేదో డాక్టరుకి చూపించడంలో పెట్టొచ్చుగా అక్కా?"

"చూపించాలంటే ముందు ఆయనకి చెప్పాలి కదరా. ఆ చెప్పడమే నా వల్ల... ఊరుకో, ఊరుకో, వస్తున్నారు."

"వీధిలో పిల్లి తప్ప పురుగు లేదు. పిల్లి నన్నెప్పట్నుంచి పేరు పెట్టి పిలుస్తోందే?"

"పోనీలెండి, కాస్త గాలి తగిలిందిగా."

"ఏమైందిరా దాని సంగతి?"

"లాభం లేదు బావా. మొండిఘటం. దీంతోనే సర్దుకుపోవాలి."

"సర్దుకుపోవడం నాకు కొత్తేం కాదులే, మీ అక్కని అడుగు. సరే, ఇంకొక్కసారి తియ్యి. ఈసారి నేను చూస్తా."

"చూడ్డానికేముంది బావా..."

"నీళ్ళు నమలకుండా తియ్యరా. ఆ... పలక పేరు మీద నొక్కావు. అన్‌ఇన్‌స్టాల్ అన్నావు. ఆగాగు! ఆ కింద గడేంటి?"

"ఏ గడి?"

"ఆ గడి."

"ఇదా? ఇది... ఊరికే ఉంటుంది."

"ఊరికే ఉండేది నువ్వు. గడి ఊరికే ఉండదు. టిక్కు పెట్టు."

"బావా, అది..."

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను చూశావా? పెట్టు టిక్కు. పలక తీగ కూడా ఊడబీకు. మళ్ళీ తగిలిస్తే మామూలు డ్రైవర్ ఎక్కుతుంది."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"చదివాను. అక్షరాలు గీసేవాడికి చదవడం కూడా వస్తుందిరా."

"ఏవండీ, వద్దండీ."

"ఏం వద్దు?"

"కంప్యూటరు పాడైపోతుందేమో."

"పోతే పోనీ. నువ్వు బజారుకెళ్ళవే."

"నేనెక్కడికీ వెళ్ళను."

"వెళ్ళవా?"

"వెళ్ళను."

"నీ ఇష్టం. ఎప్పుడో ఒకప్పుడు నువ్వూ చూడాల్సిందేగా. బామ్మర్దీ, టిక్కు."

"అక్కా, ఏం చెయ్యమంటావు?"

"కంప్యూటరు మీ అక్కది కాదురా, నాది. పెట్టు."

"పెట్టా."

"ఓకే నొక్కు."

"నొక్కా."

"తీగ తియ్యి. ఆపి, మళ్ళీ పెట్టు. ఊఁ... ఏమొచ్చింది?"

"కంప్యూటరొచ్చింది. ఆ డ్రైవర్ రాలేదు. తీగ తగిలిస్తే మామూలుదే ఎక్కింది."

"ఇక లే అక్కణ్ణుంచి. ఆ కలం ఇటివ్వు."

"ముందు కాసిని మంచినీళ్ళు తాగండి, తెస్తాను."

"నీ సగం గ్లాసు తర్వాత తాగుతాలే. ఇప్పుడు నా చెయ్యి కదపకు... అదిగో. ఇక్కడ మెలిక... ఇక్కడ ఇంకో మెలిక... అయింది."

"అయ్యో, గీతంతా వంకర్లే!"

"అక్కా, ఏడవకు."

"నేనేం ఏడవట్లేదు. తప్పు పలకదండీ. పలకే పాడైంది, ఆ రోజే అనుకున్నాంగా. కొత్తది కొనుక్కుందాం."

"పలక బంగారంలా ఉందే. వణికేది నా చెయ్యి."

"మీకు... తెలుసా?"

"నా చెయ్యి నాకు తెలీదా? నా సంతకం నాకన్నా నువ్వే బాగా పెడుతున్నావని బ్యాంకులో మెచ్చుకుంటే తెలీదా?"

"తెలిసీ నాతో ఒక్క మాట అనలేదేం?"

"నువ్వెందుకు అనలేదో, నేనూ అందుకే. చెబితే నీకు నిద్ర పట్టదు. పెన్సిలు దాచి నువ్వు హాయిగా పడుకుంటుంటే, లేపడమెందుకని ఊరుకున్నా."

"మరి ఆ డ్రైవర్నీ అలాగే ఉండనివ్వాల్సింది బావా. బోర్డుల పనైనా సాగేది."

"డాక్టరు రోజూ కాసేపు గీయమన్నాడురా. మందు పనిచేస్తోందో లేదో గీతలోనే తెలుస్తుందట. కాగితం మీద గీద్దామంటే మీ అక్క చూస్తుంది. తెర మీద గీద్దామంటే నీ డ్రైవర్ దిద్దేస్తుంది. నా చెయ్యి ఎలా ఉందో ఇక నేనెక్కడ చూసుకోను?"

"డాక్టరేంటి? ఏ డాక్టరు? ఎప్పుడెళ్ళారండీ?"

"నువ్వు బజారుకెళ్ళినప్పుడల్లా."

"దేవుడా! ఒక్కళ్ళే వెళ్ళారా?"

"ఇకమీదట ఇద్దరం వెళ్దాం. సంతకాలు నువ్వే పెడుదువుగాని."

"నవ్వకండి. నాకు ఏడుపొస్తుంటే మీకు నవ్వులాటా? మందేసుకుంటున్నా ఇంతలా వణుకుతోందంటే..."

"ఏడ్చింది చాలు గానీ, కళ్ళు తుడుచుకుని దగ్గరికి రా. వచ్చి ఇది చూడు. నేను గీసింది ఏ అక్షరమే?"

"ఏ అక్షరమేంటండీ? కనపడుతూనే ఉందిగా. 'ళ'."

"పోయిన నెల ఇదే గీసిస్తే, డాక్టరు చదవలేకపోయాడే."